తొలి సంచిక అచ్చయ్యేదాకా: విజయనగరంలో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకురాలిగా నా పద్నాలుగు నెలలు

2024 జనవరి 16, కనుమ నాటి మధ్యాహ్నం, దాసన్నపేటలోని మా ఇంటి వసారాలో కూర్చుని మా వారితో ఆ మాట మొదటిసారి అన్నాను. చీటీ పాడగా వచ్చిన లక్ష రూపాయలలో ఇంటికి రంగులు వేయించగా మిగిలిన 70,000తో, సైన్స్ ఫిక్షన్ కథలూ ఫాంటసీ కథలూ తప్ప మరేమీ వేయని ఒక త్రైమాసిక పత్రిక పెడతానని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "డబ్బు సంగతి సరే, నీ కళ్ళు జాగ్రత్త" అన్నారు. ఆ మాట ఎంత నిజమో ఆ ఏడు ఆగస్టులో కొత్త కళ్ళజోడుకు 3,200 చెల్లించినప్పుడు తెలిసింది.

జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. కథలు చదవడం అలవాటే గాని, ఒకరి కథను చేతిలో పట్టుకుని ఇది ఉండాలి, ఇది పోవాలి అని చెప్పిన అనుభవం నాకు లేదు. అందుకని ముందుగా చేసిన పని శ్రీకాకుళం వెళ్ళడం. అక్కడ కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి రైలెక్కి, శ్రీకాకుళం రోడ్డు అన్న బోర్డు చూసి దిగాక, ఆ స్టేషను ఆమదాలవలసలో ఉందనీ, ఊళ్ళోకి ఇంకా పది కిలోమీటర్ల పైన వెళ్ళాలనీ తెలిసి, మిగిలిన మూడుసార్లూ బస్సులోనే వెళ్ళాను. పాత వారపత్రికల కట్టల్లోంచి అంతరిక్షం, కాలయానం, యంత్రమానవుడు ఉన్న కథలను ఏరి చదివి, నోటు పుస్తకంలో ఒక్కొక్కటి ఎలా ముగిసిందో రాసుకున్నాను. నేను చదివిన వాటిలో చాలా కథలు చివరి పేరాలో కథానాయకుడికి మెలకువ రావడంతో ఆగిపోయాయి. ఊహించిన లోకాన్ని చివరిదాకా నిలబెట్టే ధైర్యం రచయితకు చాలలేదా, లేక అంత ధైర్యం వద్దని సంపాదకుడే అన్నాడా అన్న ప్రశ్న తిరుగు బస్సులో నన్ను వదలలేదు. మా పత్రికకు పెట్టుకున్న ఒకే ఒక్క నియమం అక్కడే పుట్టింది: కలగా తేల్చేసిన కథను తీసుకోకూడదు.

ఈ పని చేసినవాళ్ళు ఎలా చేశారో తెలుసుకోవాలని కూడా ప్రయత్నించాను. అమెరికాలో జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1937 నుంచి 1971లో చనిపోయేదాకా ఒకే సైన్స్ ఫిక్షన్ పత్రిక నడిపాడు, తనకు పంపిన కథల గురించి రచయితలకు పేజీలకొద్దీ ఉత్తరాలు రాసేవాడు. అక్కడే సీల్ గోల్డ్‌స్మిత్ అనే ఆవిడ కాలేజీ చదువు ముగించి, సైన్స్ ఫిక్షన్ గురించి పెద్దగా ఏమీ తెలియకుండానే మరో పత్రికాఫీసులో చేరింది, వచ్చిన కథలు చదువుతూ చదువుతూ 1958 చివరికి సంపాదకురాలయింది. తరువాత ఎంతో పేరు పొందిన రచయిత్రి ఉర్సులా లెగ్విన్ ఫాంటసీ కథను 1962లో మొదట అచ్చువేసింది ఆమే. మన దగ్గర చందమామలో 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకూ కొడవటిగంటి కుటుంబరావు గారు చేసిందీ ఈ పనే, రాక్షసుడు మాట్లాడినా పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో మాట్లాడించడం. గోల్డ్‌స్మిత్ గురించి చదివిన రాత్రి నాకు నిజంగా ధైర్యం వచ్చింది. ముందే అన్నీ తెలిసి ఉండనక్కరలేదు, ఓపికగా చదివితే చాలునని అనుకున్నాను.

ఏప్రిల్ 1న కథలు కోరుతూ ప్రకటన ఇచ్చాను. గడువు జూన్ 30. ముప్పై కథలు వస్తే అదృష్టమనుకున్నాను, 143 వచ్చాయి. ఇరవై ఏడు చేతిరాతలో, తపాలాలో వచ్చాయి, మిగిలినవి ఈమెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ వచ్చాయి. ఒక్కో కథకు సగటున నలభై నిమిషాలు పట్టింది కాబట్టి, ఒక్కసారి చదవడానికే 95 గంటలు అయ్యాయి. వేసవి సెలవులు అయిపోవడంతో రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు వరకూ చదివేదాన్ని. ఎవరి కథకైనా 60 రోజుల్లో జవాబిస్తానని ప్రకటనలో రాశాను, కొందరికి 97 రోజులు పట్టింది. ఆ ఆలస్యం నా తప్పే. కొత్తగా ఈ పనిలోకి దిగేవారు గడువును చెప్పే ముందు, తాము అనుకున్న దానికి రెట్టింపు చెప్పడం మంచిది.

61 కథలలో సైన్స్ గాని ఫాంటసీ గాని లేదు, రోబో అన్న పేరు తగిలించిన ప్రేమకథలే. మరో 34 కథలు నన్ను వేరే విధంగా బాధించాయి. తప్పులు లేవు, వాక్యాలు నున్నగా ఉన్నాయి, కానీ ఎవరూ తెలుగులో అలా మాట్లాడరు. పాత్రలన్నీ ఒకే తీరున నిట్టూర్చి, ఒకే తీరున ఆకాశంలోకి చూశాయి. అవి యంత్రం చేత రాయించినవన్న అనుమానంతో ఒక కుర్రవాడికి ఫోన్ చేసి, "కథలో ఆ ముసలావిడ చివరికి ఊరు వదిలి ఎందుకు వెళ్ళింది బాబూ?" అని అడిగితే, ముసలావిడ ఎవరని నన్నే అడిగాడు. కోపం రాలేదు, దిగులేసింది. అమెరికాలోని క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు నీల్ క్లార్క్‌కు 2023 ఫిబ్రవరిలో ఇలాంటివి ఒక్క నెలలోనే 500 వచ్చి పడడంతో కథలు తీసుకోవడమే కొన్నాళ్ళు ఆపేయవలసి వచ్చిందని నాకు తెలుసు. కానీ అది పెద్ద పత్రికలకు వచ్చే కష్టమనుకున్నాను. విజయనగరంలో ఇంకా పేరైనా పెట్టని పత్రికకు కూడా అది మొదటి నెలలోనే వచ్చింది. ఇప్పుడు కథతో పాటు, ఆ కథ తనకు ఎక్కడ తట్టిందో నాలుగు వాక్యాలు చేత్తో రాసి ఫోటో తీసి పంపమంటున్నాను.

మిగిలిన 48 కథలను రెండోసారి చదివాను. వాటిలో ఒకటి మా మాస్టారిది.

ఆయన వయసు 78. నాకు డిగ్రీలో భౌతికశాస్త్రం చెప్పినవారు, నేను ఈ వృత్తిలోకి రావడానికి కారణమైనవారు. పద్నాలుగు పేజీలు, ప్రతి అక్షరం గుండ్రంగా, ఆకుపచ్చ సిరాతో. కథలో ఒక తాతగారు మనవడికి కృష్ణబిలం అంటే ఏమిటో చెబుతారు, మనవడు మధ్యమధ్య "ఎందుకు తాతయ్యా?" అంటాడు, అంతే. మూడుసార్లు చదివాను, ఏదైనా మార్గం దొరుకుతుందేమోనని. ఉత్తరం రాయడానికి చేయి రాక, ఆగస్టు 18 ఆదివారం సాయంత్రం అయ్యకోనేరు దగ్గరున్న వారింటికే వెళ్ళాను. కాగితాలు నా చేతి సంచిలో చూడగానే, "ఏమ్మా, ఎన్ని మార్కులు వేశావు?" అని నవ్వుతూ అడిగారు. "మాస్టారూ, పాఠం చాలా బాగుంది. అందులో కథ లేదండీ" అన్నాను. ఆయన కాగితాలు అందుకుని, అంచులు సరిచేసి, బల్ల మీద పెట్టి, పైన కళ్ళజోడు పెట్టె బరువుగా ఉంచారు. తరువాత అమ్మగారిని పిలిచి కాఫీ ఇమ్మన్నారు, మా పిల్లల చదువుల గురించి అడిగారు. కథ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంటికి వచ్చాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. తిరస్కరించిన మిగతా కథలన్నింటికీ కలిపి 123 ఉత్తరాలు రాశాను గాని, ఆ ఒక్క వాక్యమే ఇప్పటికీ నా చెవిలో వినబడుతుంది. ఆ తరువాత ఏడు నెలలు ఆయన దగ్గర నుంచి ఫోను లేదు.

రెండోసారి చదివాక మిగిలినవి 19, సంచికలోకి వెళ్ళినవి 8. ఆ ఎనిమిదిలో ఏ ఒక్కటీ వచ్చినది వచ్చినట్టు అచ్చు కాలేదు. సంపాదకత్వం అంటే ఏరడమనుకున్నాను, ఎక్కువ కాలం పట్టింది తిరగరాయించడానికే. ఒక్క కథ సంగతి వివరంగా చెబుతాను.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి వైపు ఉద్దానం పల్లెకు చెందిన ఒక యువకుడు, గల్ఫ్‌లో వెల్డరు, కథను ఫోనులోనే టైపు చేసి పంపాడు. అంగారకుడి మీద పైపులు అతికే ఒక వెల్డరు, ఊళ్ళో జీడితోట దగ్గర ఉండే తల్లితో రోజూ మాట్లాడుతుంటాడు. భాష ఉద్దానం భాష, తల్లి నిజంగా తల్లే. కానీ ఇద్దరూ పక్క వీధిలో ఉన్నట్టు గడగడా మాట్లాడుకుంటున్నారు. అతనికి సెలవు ఉండే శుక్రవారం ఫోన్ చేసి, కాంతి వేగంతో వెళ్ళే మాట కూడా అక్కడికి చేరడానికి, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి 3 నిమిషాల నుంచి 22 నిమిషాల దాకా పడుతుందనీ, జవాబు రావడానికి మళ్ళీ అంత పడుతుందనీ చెప్పాను. అటు నుంచి మాట లేదు. కథ పాడైపోయిందని బాధపడుతున్నాడేమోనని నేను కంగారుపడ్డాను. కాసేపటికి, "మా అమ్మతోటి మాటాడినప్పుడు కూడా లైను లేటవుతాది మేడమ్, ఒకలి మాట మీద ఒకలి మాట పడిపోతాది" అన్నాడు. అదే రాయమన్నాను.

నాలుగు ప్రతులు, 61 రోజులు పట్టింది. అచ్చయిన కథలో తల్లి "అన్నం తిన్నావేటి నాయినా?" అని అడిగి, ఫోను గట్టు మీద పెట్టి, ఎసట్లో బియ్యం పోసి, దూడకు కుడితి పెట్టి, గంజి వార్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి "తిన్నానమ్మా" అన్న మాట వస్తుంది. ఆ నలభై నిమిషాలూ ఆమె మనసు ఎక్కడుందో అతను ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు, చెప్పనక్కరలేకుండా చేశాడు. ఆ ప్రతి అందిన రాత్రి చదివి, మా వారిని నిద్రలేపి మళ్ళీ పైకి చదివాను. నేను మార్చింది ఒక్క మాటే. ఈ పనిలో నాకు దక్కిన సంతోషమంతా ఆ రాత్రే ఉంది.

ఫాంటసీ కథలకు మరో చిక్కు ఉంది. ఒక యువతి చింతచెట్టు మాట్లాడే కథ పంపింది. మూడో పేజీలో చెట్టు మాట్లాడుతుంది, ఆరో పేజీలో నడుస్తుంది, తొమ్మిదో పేజీలో రైలును ఆపుతుంది. అన్నీ చేయగల చెట్టుకు కష్టం ఏముంటుంది, కష్టం లేకపోతే చదివేవాళ్ళకు బెంగ ఏముంటుంది అని రాశాను. ఒక్క శక్తి మాత్రమే ఉంచమన్నాను. ఆమెకు కోపం వచ్చి మూడు వారాలు జవాబివ్వలేదు. అక్టోబరు 15న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఆ కథ సంచిలో పెట్టుకునే వెళ్ళాను. సిరిమానుకు, అంటే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మానుకు, కావలసిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో చెబుతుందన్న నమ్మకం ఊళ్ళో అందరికీ తెలిసినదే కాబట్టి, ఆ కథ ఎవరి మనసునైనా నొప్పిస్తుందా అన్న భయం నాకుండేది. కోట ముందు జనంలో నిలబడి మాను కదలడం చూసినప్పుడు ఆ భయం ఎటు తేల్చుకోవాలో తెలిసింది. జాతర పేరు, అమ్మవారి పేరు లేకుండా, ఏ ఊరో చెప్పకుండా కథ నడపమని ఆ రాత్రే రాశాను. ఆమె ఒప్పుకుంది. ఆమె చెట్టు ఇప్పుడు కలలోకి రావడం తప్ప మరేమీ చేయలేదు, కథ మునుపటి కన్నా ఎంతో గట్టిగా ఉంది.

ఇదంతా జరుగుతుండగానే పత్రిక నమోదు పని మరో వైపు సాగింది. 1867 నాటి పాత చట్టం పోయి, 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. పేరుకూ నమోదుకూ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకటే దరఖాస్తు. జులై 18న పంపాను. మనం కోరే పేరు వంటి పేరు తెలుగులో దేశంలో ఎక్కడా ఉండకూడదు, మన రాష్ట్రంలో ఏ భాషలోనూ ఉండకూడదు. నేను ఎంతో ఇష్టపడి పెట్టుకున్న మొదటి రెండు పేర్లూ అలాగే పోయాయి, మూడోది నిలిచింది. ఆలస్యానికి అసలు కారణం వేరు. ప్రెస్సు బోర్డు మీద ఉన్న పేరు ఒకటి, దాని కాగితాలలో ఉన్న పేరు మరొకటి, నేను బోర్డు చూసి రాశాను. పైగా ప్రెస్సు యజమాని ఆధార్‌కు ఉన్న ఫోను నంబరు ఎప్పుడో మారిపోవడంతో, ఆయన సంతకానికి కావలసిన ఓటీపీ రాలేదు. ఆయనను బతిమాలి ఆధార్ కేంద్రానికి రెండుసార్లు తీసుకువెళ్ళాను. డిసెంబరు 9న నమోదు వచ్చింది, మొత్తం 144 రోజులు. ఎవరైనా దరఖాస్తు చేసే ముందు ప్రెస్సువారి కాగితాలు చేతిలోకి తీసుకుని, ఫోను నంబరు పనిచేస్తుందో లేదో చూసుకుంటే ఇందులో సగం రోజులు మిగులుతాయి.

డిసెంబరు చివర్లో గంటస్తంభం దగ్గర ఒక డీటీపీ సెంటరుకు కథలు ఇచ్చాను. పేజీకి 40 రూపాయలు. వాళ్ళు ఇప్పటికీ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలోనే పనిచేస్తారు. మనం ఫోనులోనూ ఈమెయిల్‌లోనూ వాడే యూనికోడ్‌లో ఇచ్చినది అందులోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు జారిపోతాయని తెలుసు గాని, అంకెల సంగతి నేను ఆలోచించలేదు. ఒక కథలో నక్షత్రం వయసు 10⁹ సంవత్సరాలు. ప్రూఫులో 109 సంవత్సరాలని వచ్చింది. పైన చిన్నదిగా ఉండవలసిన తొమ్మిది కిందికి దిగి పక్కన కూర్చుంది. సరి చూసేవారికి ఏ అనుమానమూ రాని తప్పు అది, ఎందుకంటే 109 కూడా అంకే. ఆ తరువాత మొత్తం సంచికలో అంకె ఉన్న ప్రతి పంక్తినీ ఎర్ర పెన్సిల్‌తో గీసి విడిగా చూశాను. వందకోట్లు అని అక్షరాలలో రాయించడమే క్షేమం.

ఇంకో సంగతి ప్రెస్సులో తెలిసింది. అచ్చులో పదహారు పేజీలు కలిపి ఒక ఫారంగా లెక్క. నా సంచిక 101 పేజీలు వచ్చింది. ఏడో ఫారం వేస్తే పదకొండు పేజీలు ఖాళీగా మిగులుతాయి, ఖర్చు మాత్రం పూర్తిగా పడుతుంది. అందుకని అయిదు పేజీలు కోసి 96కు తేవాలి. మూడు పేజీలు నా సంపాదకీయంలోంచి తీశాను, ఏడు పేజీలు రాసిన దానిలో నాలుగు మిగిలాయి. మిగిలిన రెండు పేజీల కోసం ఇద్దరు రచయితలకు ఫోన్ చేసి, ఏ పేరా పోతుందో చదివి వినిపించి, వారి అనుమతితోనే తీశాను. చెప్పకుండా తీయడం ఎంత తేలికో, ఎంత తప్పో ఆ సాయంత్రం తెలిసింది.

పుస్తకం సైజు డెమీ 1/8, వేసినవి 500 ప్రతులు. అచ్చు విజయనగరంలోనే అయింది, బైండింగుకు విశాఖపట్నం పంపవలసి రావడంతో ఆరు రోజులు ఆలస్యమయింది. 2025 మార్చి 11న మొదటి కట్ట ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. కట్ట విప్పగానే వచ్చిన సిరా వాసన, ఇంకా కొద్దిగా వేడిగా ఉన్నట్టు అనిపించిన జిగురు వెన్ను, ముఖచిత్రం మీద నల్లటి ఆకాశంలో ఎర్రటి చుక్క, ఇవన్నీ చూసి నేను ఏడ్చాను. మా అమ్మాయి కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

ఖర్చు దాచకుండా రాస్తున్నాను, ఎవరికైనా పనికివస్తుంది. అచ్చు, కాగితం, బైండింగు 31,500. ముఖచిత్రం 5,000. డీటీపీ 3,840. ఎనిమిది మంది రచయితలకు ఒక్కొక్కరికి 1,500 చొప్పున 12,000. ప్రయాణాలు, జిరాక్సులు 4,200. తపాలా 9,010. తపాలా ఖర్చు నేను వేసుకున్న లెక్కకు చాలా మించిపోయింది. అచ్చు పుస్తకాలను తక్కువ ధరకు రిజిస్టరు చేసి పంపే సదుపాయం 2024 డిసెంబరులో ఆగిపోయింది. పత్రికలకిచ్చే తపాలా రాయితీ నెలకొకసారైనా వెలువడే వాటికే గాని మూడు నెలలకొకసారి వచ్చే వాటికి లేదు. మొత్తం 65,550 అయింది. వెల 120 రూపాయలు. చందాదారులు 212 మంది, పుస్తకాల దుకాణాలకు ఇచ్చినవి 140, రచయితలకూ సమీక్షలకూ 60, ఇంట్లో ట్రంకు పెట్టెలో 88 ఉన్నాయి. దుకాణాల కమీషను 40 శాతం పోగా, ఈ సంచిక మీద ఇప్పటికి చేతికి వచ్చింది 29,832. రచయితల పారితోషికం తగ్గించుకోమని ఇద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. నేను తగ్గించను. 61 రోజులు నాలుగుసార్లు తిరగరాసిన మనిషికి 1,500 ఇవ్వడమే నాకు తక్కువగా తోస్తుంది.

మార్చి 29న తపాలాలో ఒక బరువైన కవరు వచ్చింది. చిరునామా ఆకుపచ్చ సిరాతో ఉంది. లోపల గీతల కాగితాలు నాలుగు, పేజీ, పంక్తి సంఖ్యలతో సహా 31 అచ్చుతప్పులు, ఏడాది చందా 480 రూపాయలు. మాస్టారు తన కథ గురించి గాని నా గురించి గాని ఒక్క మాటా రాయలేదు. నాలుగో కాగితం అడుగున మాత్రం ఇలా ఉంది: "అంగారకుడి రోజు మన రోజు కన్నా దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. ఆ అబ్బాయి తన గడియారం ప్రకారం రోజూ ఒకే వేళకు ఫోన్ చేస్తే, తల్లికి రోజూ ఒకే వేళకు రాదు. నువ్వు చూసుకోవలసింది."

నిజమే, ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పిన నేను చూసుకోలేదు. ఆ సాయంత్రమే అయ్యకోనేరు దగ్గరికి వెళ్ళి, రెండో సంచిక ప్రూఫులు మీరు చూస్తారా అని అడిగాను. పేజీకి ఎన్ని రోజులిస్తావని ఆయన అడిగారు. కాగితాన్ని ఫోటో తీసి గల్ఫ్‌లో ఉన్న రచయితకు పంపాను. వచ్చిన శుక్రవారం అతనే ఫోన్ చేశాడు. ఆ కథకు రెండో భాగం మొదలుపెట్టాడట. అందులో కొడుకు ఫోను కోసం తల్లి రోజుకు నలభై నిమిషాలు ఆలస్యంగా పడుకుంటూ పడుకుంటూ, పద్దెనిమిదో రోజుకు పగలు నిద్రపోయి రాత్రంతా మెలకువగా ఉంటుందట.